గోంగూర అని చెప్పేశాను

పోయిన ఆదివారం అమ్మతో వీడియో కాల్‌లో మాట్లాడుతూనే బట్టలు తీద్దామని బేస్‌మెంట్‌కి దిగాను. వెనక గది తలుపు తెరిచుంది, లోపల తలకిందులుగా వేలాడేసిన కొమ్మలు అమ్మ కంట పడ్డాయి. "అదేటే, గోగుకొమ్మలా?" అంది. "ఆఁ అమ్మా, గోంగూరే, విత్తనాలకి ఎండబెట్టాం" అనేశాను, క్షణం కూడా ఆలోచించలేదు. ఫోన్ పెట్టేశాక, పక్కనే సాక్సులు జతలు చేస్తున్న మా పన్నెండేళ్లది తలెత్తకుండానే అంది, "నేను అబద్ధం చెప్తే నెల రోజులు ఫోన్ లాగేసుకున్నావ్ కదమ్మా."

నా దగ్గర జవాబు లేదు.

అవి మా పెద్దాడి గంజాయి మొక్కలు. వాడికి 21. మేముండే కెనడాలోని అంటారియోలో 2018 అక్టోబర్ 17 నుంచి ఇది చట్టబద్ధమే, 19 నిండినవాళ్లు పెంచుకోవచ్చు, కాకపోతే ఇంటి మొత్తానికి నాలుగు మొక్కలే. వసంతంలో అడిగితే నా ఇంట్లో కుదరదన్నాను, పాతికేళ్ల దాకా మెదడు ఇంకా ఎదుగుతూనే ఉంటుందని ఇక్కడి ఆరోగ్య శాఖ, హెల్త్ కెనడా వాళ్లే చెప్తున్నారని వాదించాను, చివరికి జూన్‌లో నా గోంగూర మడి పక్కనే రెండు మొక్కలు పెట్టుకోనిచ్చాను. అటువైపు తులసి కుండీ. తులసివనంలో గంజాయి మొక్క అని చిన్నప్పట్నుంచి తిట్టుగా విన్న మాట రోజూ కళ్లెదురుగా నిలబడితే ఎలా ఉంటుందో వాడికి తెలీదు.

మాది నర్సీపట్నం వైపు. అక్కడ గంజాయంటే చెక్‌పోస్టులు, బస్సాపి సంచులు దులపడం. మా వీధిలో ఒకబ్బాయి డబ్బుకి ఆశపడి మూట మోస్తూ దొరికిపోయాడు, 20 కేజీలు దాటితే మన చట్టంలో పదేళ్లకి తక్కువ శిక్ష లేదు, వాళ్లమ్మ పెళ్లిళ్లకి కూడా రావడం మానేసింది. అమ్మకి నిజం చెప్తే ముందు ఆవిడే గుర్తొస్తుంది, నాకూ ఆవిడే గుర్తొచ్చింది.

అమ్మతో మాట్లాడిన ముందురోజే మొక్కలు కోశాం. మొగ్గల మీద చుక్కలు పాలరంగుకి తిరిగి అక్కడక్కడా తేనెరంగు పడ్డాయని వాడు చిన్న లెన్స్ పెట్టి చూపించాడు, ఇంకా ఆగితే అక్టోబర్ వానలకి బూజు పడుతుందట. నాలుగు మాటలని పైకొచ్చేద్దామని దిగినదాన్ని, వాడు పెద్దాకులు తుంపుతున్న తీరు చూడలేక నేనూ కూర్చున్నాను. గోంగూర వలిచిన చేతులు కదా. మన గోగుకి హైబిస్కస్ కన్నాబినస్ అని పేరు పెట్టిందే ఆకు గంజాయాకులా ఉంటుందని, వాడే చెప్పాడు. మొగ్గల్లోంచి పొడుచుకొచ్చే చిన్నాకుల్ని సన్న కత్తెరతో కత్తిరించాలి, జిగురుకి కత్తెర మూసుకుపోతుంటే రబ్బింగ్ ఆల్కహాల్‌తో తుడుస్తూ, వేళ్లకి కొబ్బరినూనె రాసుకుంటూ మూడు గంటలు కూర్చున్నాం.

ఆ మూడు గంటలూ వాడు తెలుగులో మాట్లాడాడు. సెకండియర్లో నెలల తరబడి నిద్ర పట్టలేదని, మాకు చెప్తే భయపడిపోతామని చెప్పలేదని అన్నాడు. ఏడేళ్లు ప్రతి శనివారం తెలుగు క్లాసుకి తిప్పాను, అప్పుడు రాని మాటలివి. నేను ఒప్పుకున్నది పెద్దవాడయ్యాడని నమ్మేనా, లేక వాడు మాట్లాడితే చాలన్న ఆకలితోనా? నిద్రకి డాక్టర్ దగ్గరికి పంపాల్సినదాన్ని కత్తెర పట్టుకుని కూర్చున్నానా? రోజుకోలా అనిపిస్తోంది. చిన్నదానికి అందకుండా ఆ గదికి మాత్రం తాళం కొన్నాను, ఆదివారం సాయంత్రమే.

ఇప్పుడు పుల్ల వంచితే చిటుక్కుమని విరుగుతోంది, ఇక గాజు సీసాల్లోకి ఎత్తి, రోజూ మూత తీసి గాలి తగలనివ్వాలి. డిసెంబర్‌లో అందరం ఊరెళ్తున్నాం, ఆ సూట్‌కేసులు ఆ గది దరిదాపుల్లో పెట్టొద్దని వాడికి వందసార్లు చెప్పాను.

పొద్దున్న అమ్మ వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టింది. "వచ్చినప్పుడు ఆ గోగు గింజలు నాలుగు పట్రావే, మీ దేశంలో కాసినవి మన పెరట్లో ఎలా వస్తాయో చూద్దారి." చిన్నది నా భుజం పక్కనే నిలబడి మొత్తం వింది. ఏం చెప్తానా అని చూస్తోంది. ఇంకా రిప్లై పెట్టలేదు.