రెండెకరాల సొంతం, మూడెకరాల కౌలు

నాన్నగారు పోయి రెండేళ్లయినా కోనసీమలోని మా రెండెకరాల పొలం 1బిలో, అంటే భూమి ఎవరిదో చూపే రెవెన్యూ రికార్డులో, ఇంకా ఆయన పేరు మీదే ఉంది. దాళ్వా (రబీ వరి) నాట్లకు ముందు పంట రుణం కోసం బ్యాంకుకు వెళ్లేదాకా అదొక లోపమని మా అన్నదమ్ములకు తోచలేదు. దున్నుతున్నదీ, నీటితీరువా కడుతున్నదీ మేమే. అయినా కుటుంబ సభ్యుల ధ్రువపత్రం పెట్టి, మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) చేయించుకొని, పాసుపుస్తకం మా పేర్లకు మార్పించుకుంటే తప్ప ఆ భూమి మీద అప్పు పుట్టదన్నారు. ఆ మాటలో తప్పేమీ లేదు, అశ్రద్ధ మాది.

కౌలు సంగతి వేరు. పంట రుణాల కోసం 1998లో వచ్చిన కిసాన్ క్రెడిట్ కార్డు పథకం భూయజమానులతో పాటు కౌలుదారులకూ, పాలుకు చేసేవారికీ వర్తిస్తుంది. ఏ పంటకు ఎకరానికి ఎంత ఇవ్వాలో జిల్లా సాంకేతిక కమిటీ నిర్ణయిస్తుంది. దాని మీద కోత అనంతర, ఇంటి ఖర్చులకు 10 శాతం, పనిముట్ల మరమ్మతు వంటివాటికి 20 శాతం కలుపుతారు. 2025 జనవరి 1 నుంచి 2 లక్షల రూపాయల వరకు తాకట్టు అక్కరలేదు. 3 లక్షల వరకు వడ్డీ 7 శాతం, గడువులోగా తీర్చినవారికి 4 శాతమే పడుతుంది.

ఇంత ఉదారమైన పథకం మా మూడెకరాల కౌలు చేను గట్టు దగ్గరే ఆగిపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో కౌలు సాగుపై 2011 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2019 చట్టం ప్రకారం కౌలుదారుకు 11 నెలల సాగుదారు హక్కు కార్డు ఇస్తారు గాని, దానికి యజమాని సంతకం కావాలి. హైదరాబాదులో ఉంటున్న మా యజమాని మంచివారే, కౌలు బస్తాల దగ్గర ఏనాడూ పేచీ పెట్టలేదు. సంతకమనేసరికి మాత్రం భూమి చేజారుతుందేమోనని జంకుతారు. కార్డు వల్ల భూమి మీద ఏ హక్కూ రాదని చట్టంలోనే ఉందని చెప్పినా ఆయనకు నమ్మకం కుదరలేదు. తీరా సంతకం పెట్టినా, అదే సర్వే నంబరు మీద ఆయన ముందే పంట రుణం తీసుకొని ఉన్నారు. ఒకే పంటకు రెండుసార్లు బ్యాంకు ఇవ్వదు. అందువల్ల ఆ మూడెకరాల పెట్టుబడి ధాన్యం కమీషను వ్యాపారి దగ్గర తెచ్చాము. ఆ అప్పుకు వడ్డీ ఒక్కటే కాదు, కళ్లంలో ఆయన చెప్పిన ధరకే ధాన్యం తూచాలి.

మ్యుటేషన్‌కు దరఖాస్తు పెట్టాము. కౌలు పొలానికి, మా కాలువ కింది అయిదుగురం కలిసి ఒకరి అప్పుకు మరొకరు హామీగా నిలిచే ఉమ్మడి పూచీ బృందంగా ఏర్పడాలని అనుకుంటున్నాము; నలుగురి నుంచి పదిమంది వరకు ఉండవచ్చు. సార్వా (ఖరీఫ్ వరి) నాటికి అదీ కుదరకపోతే ఎలాగన్న బెంగతో, సంక్రాంతికి యజమాని ఊరికి వచ్చినప్పుడు కార్డు కాగితం మరోసారి ఆయన ముందు పెట్టి చూస్తాను.