‘థ్రిల్లర్’లో కోసేసిన నిమిషాలు

మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ ఎంత అమ్ముడుపోయిందో అందరూ చెబుతారు. ఆల్బమ్ పూర్తయిందనుకుని స్టూడియోలో కూర్చుని విన్నప్పుడు ఆయనకు కన్నీళ్లు వచ్చిన సంగతి మాత్రం ఎవరూ పెద్దగా ఎత్తరు. అది బయటికి పంపేది లేదని అక్కడే తేల్చి చెప్పాడు.

నాకు ఆ ఆల్బమ్‌లో అన్నిటికన్నా ముఖ్యం ఆ రోజే. 1979లో వచ్చిన ‘ఆఫ్ ది వాల్’ బాగా ఆడినా అమెరికాలో సంగీతానికిచ్చే పెద్ద అవార్డు గ్రామీ ఒక్కదానితో సరిపెట్టారని ఆయనకు చాలా బాధ. అందుకే ఈసారి ప్రతి పాటా హిట్ కావాలని పట్టుబట్టాడు. 1982లో లాస్ ఏంజెలెస్‌లోని వెస్ట్‌లేక్ స్టూడియోలో, ప్రొడ్యూసర్ క్విన్సీ జోన్స్, సౌండ్ ఇంజనీర్ బ్రూస్ స్వీడియన్‌లతో నెలల తరబడి పని. పాటలు బాగానే వచ్చాయి. కాకపోతే ఎల్పీ రికార్డుకు, అంటే ముల్లు పెట్టి తిప్పే పెద్ద ప్లేటుకు, ఒక్కో వైపు పట్టాల్సిన దానికన్నా ఎక్కువ సంగీతం నింపేశారు. నిమిషాలు పెరిగేకొద్దీ ప్లేటు మీద ముల్లు నడిచే గాడులు సన్నబడి దగ్గరవుతాయి, సౌండ్ తగ్గుతుంది, బాస్ పోతుంది.

ఈ బాధ నాకు బాగా తెలుసు. నెల్లూరు ట్రంకు రోడ్డులో మా బావకు క్యాసెట్ రికార్డింగ్ సెంటర్ ఉండేది. కాలేజీ వదిలాక సాయంత్రాలు నేనే కూర్చునేవాణ్ణి. కోవూరు నుంచి, బుచ్చి నుంచి చీటీ మీద పాటలు రాసుకుని వచ్చేవాళ్లు. అరవై క్యాసెట్ అంటే వైపుకు అరగంట. నిమిషాలు కూడుకోకుండా ఎక్కిస్తే చివరి పాట చరణం మధ్యలో తెగిపోతుంది. ‘థ్రిల్లర్’ మొత్తం నలభై రెండు నిమిషాలే. మిగిలిన జాగాలో మా నెల్లూరు బిడ్డ బాలు పాటలు వేసిచ్చేవాళ్లం.

ఆ నలభై రెండు నిమిషాలు ఊరికే రాలేదు. ‘ది లేడీ ఇన్ మై లైఫ్’లో ఒక చరణం ఎత్తేశారు. పాటలన్నీ మళ్లీ మొదటి నుంచి మిక్స్ చేశారు, అంటే విడివిడిగా రికార్డు చేసిన గొంతునీ వాయిద్యాలనీ మళ్లీ కలిపారు. ‘బిల్లీ జీన్’ మొదట్లో వచ్చే మ్యూజిక్ మరీ పొడుగని క్విన్సీ అంటే, నన్ను డాన్స్ చేయించేదే అది అని జాక్సన్ ఒప్పుకోలేదు. అందుకే ఇప్పటికీ దాదాపు అర నిమిషం దాకా ఆయన గొంతు వినపడదు. ఆ పాటకోసం స్వీడియన్ డ్రమ్ముల కింద చెక్క వేదిక కట్టించాడు. తొంభై ఒక్క మిక్స్‌లు చేసి, చివరికి రెండోదే వాడారు. ఆ పాట పెట్టినప్పుడల్లా మా బావ, “ఒరే, ఇంకాస్త సౌండ్ పెట్టు. ఆ డ్రమ్ము ఎట్టా కొడతా ఉండాడో విను” అనేవాడు.

1982 నవంబర్ 30న ఆల్బమ్ వచ్చింది. అమెరికాలో ఆల్బమ్‌లకు వారం వారం ర్యాంకులిచ్చే బిల్‌బోర్డ్ పట్టికలో ముప్పై ఏడు వారాలు మొదటి స్థానంలో ఉంది. తొమ్మిది పాటల్లో ఏడు టాప్ టెన్‌కి వెళ్లాయి. 1984 గ్రామీల్లో జాక్సన్ ఒక్క రాత్రిలో ఎనిమిది అందుకున్నాడు. మా దగ్గర అసలు గిరాకీ 1985లో, చిరంజీవి ‘దొంగ’లో గోలీమార్ పాట వచ్చాకే మొదలైంది. దాని ఒరిజినల్ ‘థ్రిల్లర్’ పాట కావాలని కుర్రాళ్లు అడిగి మరీ చేయించుకునేవాళ్లు.

వాళ్లంతా ‘థ్రిల్లర్’ పాట ఉన్న మొదటి వైపే అరగదీసేవాళ్లు. నా ఓటు రెండో వైపుకే. ‘బీట్ ఇట్’, ‘బిల్లీ జీన్’, ‘హ్యూమన్ నేచర్’ వరసగా వచ్చే వైపు అది. ఇప్పుడు ఫోన్లో ఏ పాటకాపాట ఏరుకుని వింటున్నారు గానీ, ఆ మూడూ మాత్రం అదే వరసలో వినండి.