ట్యాబులు అరువిచ్చి నేను నేర్చుకున్నది

2020 సెప్టెంబరు 1న మా రాష్ట్రంలో బడిపిల్లలకు టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి చానళ్ళలో పాఠాలు మొదలయ్యాయి. నల్గొండ జిల్లాలో మాదో చిన్న ఊరు. టీవీ లేని ఇళ్ళు, ఉన్నా కనెక్షనుకు డబ్బు కట్టని ఇళ్ళు చాలానే ఉండేవి. హైదరాబాదులో ఉద్యోగాలు చేసుకునే మా ఊరి పిల్లలు పాతవి పోగేసి తొమ్మిది ట్యాబులు, రెండు ల్యాప్‌టాపులు పంపారు. వాటిని అరువిచ్చే పని, సాయంత్రాలు లైబ్రరీ తెరిచే నా మీద పడింది. పగలు ఎరువుల దుకాణంలో లెక్కలు రాస్తాను కదా, రిజిస్టరు నాకు కొట్టిన పిండని వాళ్ళ నమ్మకం.

మా భయమంతా దొంగతనం గురించే. పెద్దలు కూర్చుని వెయ్యి రూపాయల డిపాజిట్ పెట్టారు. నెల తిరిగేసరికి ఇద్దరే తీసుకున్నారు. ఇద్దరిళ్ళలోనూ స్మార్ట్‌ఫోన్లు ముందే ఉన్నాయి. కూలికి పోయేవాళ్ళు ఆ కరోనా రోజుల్లో వెయ్యి ఎక్కణ్ణుంచి తెస్తారు? మహిళా సంఘం లీడరమ్మ ఒక మాటన్నది: "లోన్లకు ఒకళ్ళకొకళ్ళం పూచీ ఉంటలేమా, గీ పలకలకు ఉండమా?" డిపాజిట్ తీసేసి, సంఘంలో ఇద్దరి సంతకాలు పెట్టించుకోవడం మొదలుపెట్టాం. ఆ వారమే తొమ్మిదీ బయటికి పోయాయి.

దొంగతనం జరగలేదు. దెబ్బ వేరేవైపు నుంచి తగిలింది.

ఒకక్క తన కొడుకు కోసం తీసుకుపోయిన ట్యాబు నెల తర్వాత తెచ్చిచ్చింది. తెర బాగుంది, చార్జరుంది. టిక్కు పెట్టి మర్నాడే ఇంకో పిలగాడికిచ్చేశాను. రెండురోజులకు ఆమె లైబ్రరీ గుమ్మంలో నిలబడింది. "తమ్మీ, నా ఆధార్, నా బ్యాంకు పుస్తకం ఆ పిలగాని చేతిలో ఎందుకున్నయి?" ఏదో దరఖాస్తుకని ట్యాబుతోనే కాగితాల ఫొటోలు తీసిందట. గ్యాలరీలో అట్లాగే ఉన్నాయి. తప్పు పూర్తిగా నాదే. పుస్తకం తిరిగొస్తే మధ్యలో పెట్టిన చీటీ తీసి ఇచ్చే అలవాటున్నవాణ్ణి, ట్యాబు విషయంలో ఆ మాత్రం ఆలోచించలేదు.

ఆ రోషంతో తిరిగొచ్చిన ప్రతిదాన్నీ రీసెట్ కొట్టడం, అంటే లోపలున్నదంతా చెరిపేయడం, మొదలెట్టాను. అదీ బెడిసికొట్టింది. ఒకదానికి తాళం ప్యాటర్న్ తెలియక, పవర్, వాల్యూమ్ బటన్లు కలిపి నొక్కి రీసెట్ చేశాను. తెరుచుకున్నాక పాత గూగుల్ ఖాతా పాస్‌వర్డ్ అడిగింది. దొంగల చేతికి చిక్కినా పనికిరాకుండా ఆండ్రాయిడ్ పెట్టిన తాళమది, మంచిదే, కాకపోతే ఆ రోజు దానికి నేనే దొంగనయ్యాను. ఆ ఖాతా పిలగాడు పనికోసం హైదరాబాదు పోయాడు, పాస్‌వర్డ్ మర్చిపోయాడు. దసరాకు వాడు ఊరికొచ్చేదాకా ఆ ట్యాబు బీరువాలోనే ఉంది.

అప్పట్నుంచి పద్ధతి మార్చాను. అన్నింటిలోనూ లైబ్రరీ ఖాతానే ఉంటుంది, దాని పాస్‌వర్డ్ నా దగ్గర, లీడరమ్మ దగ్గర. తీసుకుపోయేవాళ్ళకు విడిగా ఒక యూజర్ తెరిచిస్తాను. తిరిగొచ్చాక ఆ యూజర్‌ను తీసేస్తే వాళ్ళ ఫొటోలూ ఖాతాలూ దాంతోనే పోతాయి. రెండు ట్యాబుల్లో ఆ సౌకర్యమే లేదు. వాటికి ఖాతాలు తీసేసి, సెట్టింగుల్లోంచే రీసెట్ కొడతాను. తీసుకున్నవాళ్ళ ముందే చేస్తాను. సిమ్ మాత్రం వేసివ్వను. నా పేరుమీదున్న సిమ్‌తో ఎవరు ఏం చేసినా పోలీసులొచ్చేది నా ఇంటికే. పాఠాలు లైబ్రరీ వైఫైలో దింపుకుని పోతారు.

రిజిస్టరులో ఐఎంఈఐ గడి పెట్టాను, అంటే సిమ్ పట్టే ప్రతి ఫోనుకూ ట్యాబుకూ విడిగా ఉండే గుర్తింపు నంబరు. స్టార్, హ్యాష్, 06, హ్యాష్ కొడితే నంబరొస్తుంది. సిమ్ లేని వైఫై ట్యాబులకు ఐఎంఈఐ ఉండదని అప్పుడే తెలిసింది, వాటికి వెనకాలున్న సీరియల్ నంబరు రాశాను. ఇచ్చినవాళ్ళ దగ్గర పాత బిల్లో, కనీసం "లైబ్రరీకి ఇచ్చాను" అని ఒక చీటీయో అడిగి తీసుకుంటున్నాను. 2023లో ప్రభుత్వ వెబ్‌సైటు సంచార్ సాథీ వచ్చాక, పోయిన దాన్ని పోలీసు ఫిర్యాదు కాపీతో బ్లాక్ చేయించవచ్చు. ఐఎంఈఐ రాసిపెట్టుకుంటేనే అందులో పని జరుగుతుంది. చార్జర్లు తారుమారవకుండా గోళ్ళరంగుతో నంబర్లేశాను. మార్కరు నెలకే చెరిగిపోయింది, గోళ్ళరంగు ఇప్పటికీ ఉంది.

ఒక ల్యాప్‌టాపు టచ్‌ప్యాడు పైకి లేచొచ్చింది. లోపల బ్యాటరీ ఉబ్బింది. మిర్యాలగూడలో మెకానిక్ చూసి, "పొడవద్దు, చార్జింగ్ పెట్టొద్దు అన్నా" అని మార్చేశాడు. ఇప్పుడు తిరిగొచ్చిన ప్రతిదాన్నీ బల్లమీద బోర్లా పెట్టి ఊగుతోందో లేదో చూస్తాను.

ఇక పగుళ్ళ సంగతి. మొదట్లో పగిలితే పూర్తి ఖర్చు మీదే అన్నాం. దాంతో ఒకటి నేను లేనప్పుడు టవల్లో చుట్టి గుమ్మం దగ్గర పెట్టి ఉంది. ఎవరు పెట్టారో చూస్తే తెలిసిపోతుంది, రిజిస్టరుంది కదా. అయినా నేను అడగలేదు, వాళ్ళు సగంనెల నన్ను చూసి దారి మార్చుకున్నారు. చేయిజారి పగిలితే సగం లైబ్రరీదే అని సంఘంలో చెప్పించాం.

పోయిన నెల ఆ ఆధార్ అక్క మళ్ళీ ట్యాబు తెచ్చింది, ఈసారి కూతురికోసం తీసుకున్నది. మూల మీద గీత. నేను తిప్పి చూడకముందే, "పగిలింది తమ్మీ, రాస్కో" అన్నది. యూజర్ తీసేసేదాకా కదల్లేదు. "ఫొటోలున్న కాడికి పో" అంది. పోయాను. ఖాళీగా ఉంది. అప్పుడు వేలిముద్ర వద్దని పెన్ను తీసుకుని సంతకం చేసింది.