వంటింటి పాత టైల్స్‌కి రంగు వేశాను: నా అనుభవం

తిరుపతిలో మా వంటగట్టు పైన గోడకి ఉన్నవి పాత 8 x 12 అంగుళాల టైల్స్, మొత్తం 60. అంటే 40 చదరపు అడుగులు. పగలగొట్టించకుండా రంగు వేద్దామనుకున్నాను. పడుకునే గది గోడకైతే ఇంత రామాయణం ఉండదు. టైల్ నున్నగా గాజులా ఉంటుంది, రంగును పీల్చుకోదు. పైగా మాది బోరు నీళ్లు.

ముందు రూపాయి బిళ్లతో ఒక్కో టైల్‌నీ తట్టి చూశాను. మూడు డొల్లగా పలికాయి. వాటిని ఊడదీసి మళ్లీ అతికించాకే మిగతా పని. కదిలే టైల్ మీద ఎంత మంచి రంగైనా అంచుల్లో చీలిపోతుంది.

తర్వాత జిడ్డు. తాలింపు ఆవిరి ఏళ్ల తరబడి పేరుకుని ఉంటుంది కాబట్టి వేడినీళ్లు, గిన్నెల సబ్బుతో రెండుసార్లు రుద్దాను. జిడ్డు పోకముందే ఎమరీ పేపర్ పట్టకూడదు, నూనె ఆ గీతల్లోకే దిగిపోతుంది.

అసలు తలనొప్పి కుళాయి దగ్గర ఉప్పు గార. తడిగా ఉన్నప్పుడు అది కంటికి కనబడదు, ఆరితేనే తెల్లగా తేలుతుంది. ఒక మూల నాలుగు టైల్స్ మీద పరీక్షకని ముందుగా ప్రైమర్ (రంగు పట్టుకోవడానికి కింద వేసే పూత) వేసి, రెండు రోజులాగి బ్లేడుతో అడ్డంగా నిలువుగా గీసి, టేపు అంటించి లాగాను. రెండు గట్టిగా నిలిచాయి. కుళాయి పక్కనున్న రెండింటిమీద మాత్రం ప్రైమర్ పెచ్చులుగా వచ్చేసింది. పెచ్చు తిప్పి చూస్తే వెనకాల సున్నంలాంటి తెల్లపొడి. ప్రైమర్ పట్టుకున్నది టైల్‌ని కాదు, గారని! ఇక లీటరు గోరువెచ్చని నీళ్లలో 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి, గుడ్డ తడిపి పది నిమిషాలు గార మీద వేసి ఉంచి, రుద్ది కడిగాను. ఒక్కసారితో పోలేదు, మూడుసార్లు పట్టింది. బాత్‌రూమ్ యాసిడ్ జోలికి వెళ్లలేదు, అది సందుల్లోని సిమెంటును తినేస్తుంది. బ్లీచింగ్‌తో కలిస్తే విషవాయువు కూడా.

సింకు చుట్టూ నీళ్లు దిగకుండా పెట్టిన పాత సిలికాన్ మొత్తం గీకేయాలి. దాని మీద ఏ రంగూ నిలవదు. టైల్స్ సందుల్లో సిమెంటు రాలిపోయిన చోట కొత్త గ్రౌట్ (సందులు పూడ్చే సిమెంటు ముద్ద) నింపి, పూర్తిగా గట్టిపడేదాకా ఆగాను.

220 నంబరు వాటర్ పేపర్‌తో (తడిపి వాడే ఎమరీ పేపర్) మెరుపు పోయేదాకా రుద్దాలి. అయ్యిందో లేదో తెలుసుకోవడానికి నీళ్లు చల్లి చూడండి. బొట్లుబొట్లుగా ముడుచుకుంటే ఇంకా జిడ్డుంది, పలచగా పరుచుకుంటే సిద్ధం. ఆరాక థిన్నర్ గుడ్డతో తుడిచి, మళ్లీ చెయ్యి పెట్టకూడదు.

ప్రైమర్ రెండు భాగాల ఎపాక్సీ (హార్డెనర్ అనే రెండో భాగం కలిపితేనే గట్టిపడే రకం), అరలీటరు సరిపోయింది. హార్డెనర్ పాళ్లు డబ్బా మీద ఎలా ఉంటే అలాగే కొలిచి కలపాలి, కంటి అంచనా పనికిరాదు. ఎండాకాలం మధ్యాహ్నం కలిపితే గిన్నెలోనే చిక్కబడిపోతుంది. అందుకే కొంచెం కొంచెం కలుపుకుంటూ పొద్దున్నే వేశాను. మా వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానల్లో అయితే ఈ పని పెట్టుకోకండి, చెమ్మకు పైన మసకపొర కడుతుంది.

మర్నాడు పీయూ (పాలీయురేథేన్) రంగు, రెండు పలచటి కోట్లు, మధ్యలో ఒక రాత్రి. లీటరు డబ్బాలో కొంచెం మిగిలింది. ఒకేసారి మందంగా వేస్తే సందుల దగ్గర కారి గడ్డకడుతుంది. చవక ఫోమ్ రోలర్ థిన్నర్‌కి నాని ముక్కలు వదిలింది. పొట్టి నూగున్న 4 అంగుళాల రోలర్‌కి మారాకే నునుపు వచ్చింది. గ్యాస్ సిలిండర్ బయట పెట్టాను, కిటికీలు తెరిచాను. మామూలు దుమ్ము మాస్కు ఈ వాసనని ఆపదు, రసాయన ఆవిరిని వడగట్టే కార్ట్రిడ్జ్ ఉన్నదే కావాలి.

చేత్తో తాకితే మర్నాటికే ఆరినట్టుంటుంది గానీ వారం దాకా నీళ్లు తగలనివ్వలేదు. ఆ తర్వాతే సింకు చుట్టూ కొత్త సిలికాన్. పొయ్యి వెనక ఆరు టైల్స్‌కి మాత్రం రంగు వేయలేదు. ఆ సెగకు నిలుస్తుందన్న నమ్మకం నాకు లేదు, స్టీలు రేకు బిగించాను. పసుపు పడితే వెంటనే తుడుస్తున్నాం, ఇనుప పీచు గట్టు దగ్గరికి రానివ్వడం లేదు.