డిసెంబర్ 25 షిఫ్ట్

పిట్స్‌బర్గ్‌లో ఆసుపత్రి లాబ్‌లో పనిచేసేవాళ్లకి నవంబర్ రాగానే ఒక తగువు మొదలవుతుంది: క్రిస్మస్ రోజు డ్యూటీ ఎవరిది? పండగ కదా అని రక్తం శాంపిళ్లు రావడం ఆగదు. మా సెక్షన్‌లో మాత్రం ఆ తగువు ఎప్పుడూ ముదరలేదు. యూదు సహోద్యోగులు ఇద్దరు అందరికంటే ముందే పేర్లు రాసేసేవాళ్లు. "మాకది పండగ కాదు కదా, చిన్నపిల్లలున్నవాళ్లని ఇంట్లో ఉండనీ" అనేది వాళ్లలో పెద్దావిడ. అమెరికాలో చాలా ఊళ్లలో యూదులకి ఇది ఏళ్లనాటి అలవాటు. ఆ ఒక్కరోజూ ఆసుపత్రుల్లో, అన్నదానం చేసేచోట, వృద్ధాశ్రమాల్లో క్రైస్తవుల బదులు వాళ్లు నిలబడతారు. ఆ రోజు నాకూ పండగ కాదు, అందుకని నా పేరూ వాళ్ల పేర్ల కింద చేరింది. సంక్రాంతి వచ్చేసరికి నేను నోరు తెరిచి అడక్కముందే ఆవిడ నా షిఫ్ట్ తీసుకుంది.

ఇక్కడ మాంటెఫియోర్ అని ఒక ఆసుపత్రి ఉంది. ఇప్పుడు యూపీఎంసీ అనే పెద్ద ఆసుపత్రుల సంస్థలో భాగం. అది 1908లో ఎందుకు పుట్టిందో ఆవిడే చెప్పింది. అప్పట్లో యూదు డాక్టర్లని మిగతా ఆసుపత్రుల్లోకి రానిచ్చేవాళ్లు కాదు. యూదు రోగులకి తమ ఆచారం ప్రకారం వండిన కోషర్ భోజనం దొరికేది కాదు. అప్పుడు ఆడవాళ్లు సంఘం పెట్టుకుని, చందాలు పోగుచేసి ఆసుపత్రి కట్టించారు. తలుపులు మూసినచోట మనది మనం కట్టుకుందాం అనుకోవడం ఎవరైనా చేసే పనే. వాళ్లు అక్కడితో ఆగకుండా అన్ని మతాలవాళ్లనీ చేర్చుకుని వైద్యం చేశారు. 1990లో ఆసుపత్రిని అమ్మినప్పుడు, వచ్చిన డబ్బుతో ఈ ప్రాంతం మొత్తానికీ పనికొచ్చే ఆరోగ్య ఫౌండేషన్ పెట్టారు. అవమానం నుంచి పుట్టిన సంస్థ, అవమానించినవాళ్ల మనవల దాకా సేవ చేసింది.

ఇది ఎక్కడి బుద్ధి అని ఒకసారి అడిగాను. పాసోవర్ భోజనానికి పిలవడమే ఆవిడ ఇచ్చిన జవాబు. ఈజిప్టులో బానిసత్వం నుంచి బయటపడ్డ సంగతిని యూదులు తలుచుకునే పండగ అది. ఉప్పునీళ్లలో ముంచిన ఆకు, పొంగని రొట్టె, కళ్లలో నీళ్లు తెప్పించే ముల్లంగి లాంటి దుంప తురుము. ఆకలితో ఉన్నవాళ్లెవరైనా వచ్చి తినండి అన్న పిలుపుతో ఆ రాత్రి మొదలవుతుంది. మీరు ఈజిప్టులో పరాయివాళ్లుగా బతికారు, పరాయివాణ్ణి బాధపెట్టొద్దు అనే మాట వాళ్ల పవిత్రగ్రంథం తోరాలో 36 చోట్ల ఉందని వాళ్ల పెద్దలు లెక్క చెబుతారట. బల్ల చుట్టూ కూర్చున్న పిల్లలకి ఆ బానిసత్వాన్ని పాత కథలా చెప్పరు, మనకే జరిగింది అన్నట్టు చెబుతారు. వీసా మీద బతికే నాకు ఆ మాట సూటిగా తగిలింది.

2018 అక్టోబర్ 27, శనివారం. అప్పుడు మేం పిట్స్‌బర్గ్‌లో యూదులు ఎక్కువగా ఉండే స్క్విరెల్ హిల్‌లో అద్దెకుండేవాళ్లం. పొద్దున్నుంచీ ముసురు. ట్రీ ఆఫ్ లైఫ్ అనే సినగాగ్‌లో, అంటే యూదుల ప్రార్థనామందిరంలో, ప్రార్థన జరుగుతుండగా ఒకడు తుపాకీతో చొరబడి 11 మందిని చంపాడు. ఎవరూ బయటికి రావొద్దని పోలీసులు చెప్పారు. కిటికీ తెర పక్కకి జరపడానికి కూడా భయపడుతూ కూర్చున్నాం. తర్వాత తెలిసింది, వాడి కోపం ముఖ్యంగా శరణార్థులకి ఆసరా ఇచ్చే హయాస్ అనే యూదు సంస్థ మీద అని. ఆ భవనంలో ప్రార్థన చేసుకునే మూడు సమాజాల్లో ఒకటి హయాస్‌తో కలిసి పనిచేసేది. అంటే వాళ్ల పుట్టుక మీదే కాదు, వాళ్లు పరాయివాళ్లకి చేసే మేలు మీద కూడా వాడికి ద్వేషం.

గాయపడ్డ ఆ హంతకుణ్ణి అలెఘెనీ జనరల్ ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడ వాడికి వైద్యం చేసినవాళ్లలో యూదులున్నారు. ఆసుపత్రి అధ్యక్షుడు స్వయంగా ట్రీ ఆఫ్ లైఫ్ సభ్యుడు. ఆయన వెళ్లి వాణ్ణి చూసి, నొప్పిగా ఉందా అని అడిగారు. ఆసుపత్రిలో పనిచేసే మనిషిగా నేను ఈ ఒక్క సంగతిని మా పిల్లలకి చాలాసార్లు చెప్పాను. మర్నాడు జరిగిన సంతాపసభలో మా ఊరి ఇస్లామిక్ సెంటర్ డైరెక్టర్ లేచి, ప్రార్థన జరిగేటప్పుడు బయట కాపలా ఉండమంటే ఉంటాం, కొట్టుకి తోడు రమ్మంటే వస్తాం, ఏం కావాలో చెప్పండి అన్నారు. ముస్లింలు మొదలుపెట్టిన విరాళాలు 2 లక్షల డాలర్లు దాటాయి.

చనిపోయినవాళ్లలో ఇద్దరు అన్నదమ్ములు. మేధో వైకల్యంతో పుట్టి, యాభై దాటినవాళ్లు. వాళ్లు సినగాగ్‌కి అందరికంటే ముందొచ్చేవాళ్లు. వచ్చినవాళ్లని గుమ్మం దగ్గర పలకరించి చేతికి ప్రార్థన పుస్తకం ఇచ్చేవాళ్లు. జాలిపడి వెనక వరసలో కూర్చోబెట్టలేదు వాళ్లని, గుమ్మాన్నే అప్పగించారు. ఇది చదివాక మా తెలుగు స్నేహితురాలి కొడుకు గుర్తొచ్చాడు. ఆటిజం ఉన్న పిల్లాడు. "వాడు అరుస్తాడక్కా, అందరూ తిరిగి చూస్తారు" అని ఆమె ఉగాదికి రావడం మానేసింది. అరవడం పిల్లాడి తప్పు కాదు, తిరిగి చూసే మనది తప్పు.

ఆ ఘోరం తర్వాత కూడా యూదుల శరణార్థి సేవ ఆగలేదు. పిట్స్‌బర్గ్‌లో వేలమంది భూటాన్ నేపాలీలున్నారు, ఎక్కువమంది హిందువులు. భూటాన్ నుంచి తరిమేస్తే నేపాల్ శిబిరాల్లో ఏళ్లు గడిపి వచ్చినవాళ్లు. వాళ్లలో ఎందరికో ఇల్లు చూపించి, బస్సెక్కడం నేర్పి, పిల్లల్ని బడిలో చేర్పించింది ఇక్కడి యూదు సేవాసంస్థే. ఊరి పక్కన పెన్ హిల్స్ కొండ మీద మన వేంకటేశ్వరుడి గుడి 1970ల నుంచీ ఉంది. శరణార్థులకి ఆసరా ఇచ్చే ఆ పని మనం ఎంత చేశాం?

మనవాళ్లు చెయ్యరని అనను. ఒక విద్యార్థి రోడ్డు ప్రమాదంలో పోతే శవాన్ని ఊరికి పంపే డబ్బు చూస్తుండగానే పోగవుతుంది. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రం ఒలాతేలో తెలుగు ఇంజనీరు శ్రీనివాస్ కూచిభొట్లని ఒకడు "మా దేశంలోంచి పో" అని అరుస్తూ కాల్చి చంపినప్పుడు మనమంతా కదిలిపోయాం. అడ్డుపడబోయి తూటా తిన్న ఇయాన్ గ్రిలట్ మనవాడేం కాదు. అయినా లేచాడు. మన సాయం మాత్రం మనవాళ్ల దగ్గరే ఆగిపోతోంది. ఆ మనవాళ్లలోనూ మళ్లీ గీతలు. ఇల్లు వెతికేటప్పుడు "అటు నల్లవాళ్లుంటారు, వద్దు" అనే సలహా. కొత్తగా వచ్చిన కుర్రాణ్ణి ఇంటిపేరేంటి, ఊళ్లో ఏ వీధి అంటూ కులం దాకా తీసే ఆరా. 2023లో సియాటిల్ నగరం కులవివక్షని నిషేధిస్తూ చట్టం చేసిందంటే, ఆ అవసరం పుట్టించింది మనమే కదా.

మా లాబ్ పెద్దావిడ దగ్గర ఒక పద్ధతి ఉంది. భోజనాల దగ్గర ఎవరైనా ముస్లింల మీదో, నేపాలీల మీదో జోకేస్తే ఆవిడ ఫోర్క్ కింద పెట్టి, "నాకర్థం కాలేదు, కాస్త విడమర్చి చెప్పు" అనేది. గొంతు పెంచేది కాదు. విడమర్చి చెప్పడం మొదలుపెట్టినవాడికి మధ్యలోనే మాట ఆగిపోయేది.

మొన్న మా తెలుగువాళ్ల పాట్‌లక్‌లో, అంటే ఎవరి వంట వాళ్లు తెచ్చుకుని కలిసి తినే విందులో, ఒక పెద్దాయన కొత్త కుర్రాణ్ణి అలాగే వీధి దాకా అడిగాడు. కుర్రాడు ప్లేటులో పులిహోర కెలుకుతూ తలెత్తలేదు. "అన్నయ్యా, వీధి తెలిస్తే ఏం చేస్తారు?" అన్నాను.

"ఏముందమ్మా, ఊరికే అడిగాను."

"ఊరికే అయితే మానేద్దాం అన్నయ్యా. ఉద్యోగం ఎలా ఉందో అడగండి."

అప్పట్నుంచి ఒకటి రెండిళ్ల నుంచి మాకు పిలుపులు తగ్గాయి. తగ్గనీ.