గడియారానికి కీ ఇచ్చిన రోజు

పెద్దవాళ్లనీ పిల్లల్నీ కలపాలని మా కమ్యూనిటీలో ఏటా ఒక కార్యక్రమం పెట్టేవారు. పిల్లలు స్టేజీ ఎక్కి పాడేవారు, పెద్దలు కింద కూర్చుని చప్పట్లు కొట్టేవారు. ఫొటోలు దిగి ఎవరిళ్లకు వాళ్లం వెళ్లిపోయేవాళ్లం. మా అమ్మాయి వరసగా మూడేళ్లు పాడింది. ఆ కుర్చీల్లో కూర్చున్న ఒక్కరి పేరు కూడా తనకు తెలియదు. అది నన్ను చాలా బాధపెట్టేది. దూరదేశంలో పెరిగే మన పిల్లలకు అమ్మమ్మా తాతయ్యలంటే ఫోన్ తెర మీద కనిపించేవాళ్లే. 'బాగున్నావా', 'బాగున్నాను' దాటి పెద్దవాళ్లతో మాట్లాడడం వాళ్లకు అలవాటే కాదు.

పోయినేడు ఏర్పాట్లు చూసేవాళ్లలో నేనూ చేరి, స్టేజీ వద్దని పట్టుబట్టాను. రెండు వర్గాల మధ్య అపోహలు పోవాలంటే ఇద్దరూ సమానంగా కూర్చుని ఒకే పని మీద చేయి కలపాలని గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే మనస్తత్వవేత్త 1954లోనే చెప్పారు. ఒకరు పైన, ఒకరు కింద ఉంటే అది కుదరదు. అందుకే బల్లకు ఇద్దరే, ఒక పెద్దవారు, ఒక పిల్లో పిల్లాడో. పెద్దవాళ్లు ఇంట్లోంచి ఒక పాత వస్తువు తేవాలి. టైము 40 నిమిషాలు. అమెరికాలో 2003లో మొదలైన స్టోరీకోర్ సంస్థ ఇద్దరిని కూర్చోబెట్టి వాళ్ల మాటలు రికార్డు చేసేది కూడా 40 నిమిషాలే. అంతసేపా అని కొందరన్నారు. మొదటి పది నిమిషాలు బిగుసుకుపోయి కూర్చోవడానికే సరిపోతాయి మరి.

మొదటిసారి ఒక తప్పు చేశాం. అందరినీ ఒకే హాల్లో పెట్టాం. వయసు మీద పడేకొద్దీ ముందుగా వినబడకుండా పోయేవి సన్నటి శబ్దాలు, పిల్లల గొంతులేమో సన్నవి. చుట్టూ గోల ఉంటే ఇంక చెప్పక్కర్లేదు. 60 దాటినవాళ్లలో 25 శాతానికి పైగా వినికిడి లోపంతో ఇబ్బంది పడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పెద్దవాళ్లు 'ఆఁ?' అంటే, తమ మీద విసుక్కుంటున్నారనుకుని పిల్లలు నోరు మూసుకున్నారు. రెండోసారి చిన్న గదుల్లో, దూరదూరంగా బల్లలు వేశాం. ముఖం చూసి, నిదానంగా మాట్లాడమని పిల్లలకు ముందే చెప్పాం.

అప్పుడు మా అమ్మాయి ఎదురుగా కూర్చున్నాయన చేతి గడియారం తెచ్చారు. తిప్పి చూసి, "ఇందులో బ్యాటరీ ఎక్కడుంది?" అని అడిగింది. ఆయన మాట్లాడకుండా గడియారం తన చేతికిచ్చి, కీ ఎలా ఇవ్వాలో చూపించారు. చెవి దగ్గర పెట్టుకోమన్నారు. టిక్ టిక్ వినగానే మా పిల్ల కళ్లు మూసుకుంది. ఇరవై ఏళ్ల వయసులో ఆయన తన దేశం వదిలి వస్తుంటే వాళ్ల నాన్న ఇచ్చారట. ఈ దేశం వచ్చాకే ఇక్కడి భాష నేర్చుకున్నారట.

"మీ భాష మర్చిపోయారా?" అని అడిగింది మా అమ్మాయి. మమ్మల్ని ఎప్పుడూ అడగని ప్రశ్న అది.

"లెక్కలు మాత్రం ఇప్పటికీ అందులోనే వేసుకుంటాను" అన్నారాయన.

ఇంటికి వస్తుంటే దారిలో, "అమ్మా, నువ్వు ఏ భాషలో వేసుకుంటావు?" అంది. తెలుగులోనే అన్నాను. కాసేపు ఊరుకుని, ఒకటి నుంచి ఇరవై దాకా తెలుగులో చెప్పుకుంటూ నడిచింది. పదహారు దగ్గర తడబడింది.

ఆ ఆదివారం వీడియో కాల్‌లో మా అమ్మను అడిగింది, "అమ్మమ్మా, చిన్నప్పుడు నువ్వు టైము ఎలా చూసుకునేదానివి?" అని. మా అమ్మ కళ్లజోడు తీసి పక్కన పెట్టి, అరగంట చెప్పింది.