అడిసన్స్ జబ్బు, నెయ్యి, మాత్రలు

ముందు నా చిగుళ్లు, అరచేతి గీతలు నల్లబడ్డాయి. ఎండకు కమిలావు అన్నారు ఇంట్లో, ఎండ తగలని చోట నలుపేమిటో ఎవరికీ తట్టలేదు. బరువు తగ్గిపోతున్నాను, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి, ఎప్పుడు చూసినా ఊరగాయ మీదకే మనసు పోతోంది. గ్యాస్‌కీ నీరసానికీ మందులు వాడుతుండగానే ఒకరోజు వాంతులై పడిపోయాను. బీపీ అందట్లేదు, సోడియం బాగా పడిపోయింది. ఎమర్జెన్సీలో డాక్టరమ్మ నా వేళ్ల కణుపులు, చిగుళ్లు చూసి, కార్టిసాల్ అనే హార్మోన్ టెస్టుకి రక్తం తీయించి, రిపోర్టు కోసం ఆగకుండా దానికి బదులుగా ఇచ్చే స్టెరాయిడ్, హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ చేయించారు. ఆ తల్లి వల్లే బతికాను. కిడ్నీల పైన ఉండి కార్టిసాల్‌నీ, ఒంట్లో ఉప్పు నిలిపే హార్మోన్‌నీ తయారుచేసే నా రెండు అడ్రినల్ గ్రంథుల్నీ టీబీ తినేసిందని తర్వాత తేలింది. ఆ గ్రంథులు ఇలా పాడవడమే అడిసన్స్ జబ్బు, మన దేశంలో దానికి టీబీ ఇప్పటికీ ముఖ్య కారణమే.

ఇంటికొచ్చాక సలహాలు మొదలయ్యాయి. "కార్టిసాల్ తయారయ్యేది కొలెస్ట్రాల్ నుంచేనక్కా, అన్నం మానేసి నెయ్యి, కొబ్బరినూనె బాగా తీసుకో, గ్రంథి మళ్లీ పనిచేస్తుంది, ఈ స్టెరాయిడ్లు ఎందుకు?" అన్నాడు పిన్ని కొడుకు. మొదటి మాట నిజమే. కానీ ఒంట్లో కొలెస్ట్రాల్ చాలావరకు లివరే తయారుచేస్తుంది, అడ్రినల్ దాన్ని రక్తంలో కొలెస్ట్రాల్‌ని మోసుకెళ్లే ఎల్‌డీఎల్ నుంచి తీసుకుంటుంది, కొంత తనూ చేసుకోగలదు. నాకు లేనిది కొలెస్ట్రాల్ కాదు, దాన్ని కార్టిసాల్‌గా మార్చే కణాలు. మగ్గం విరిగిపోయాక నూలు ఎంత తెచ్చినా చీర రాదు కదా. పైగా అన్నం మానేసే డైట్లలో మొదట్లో ఉప్పూ నీరూ ఒంట్లోంచి ఎక్కువగా పోతాయి, ఉప్పు నిలవని మాలాంటివాళ్లకి అది ప్రాణాల మీదకు తెస్తుంది.

అత్తయ్య మాత్రం నూనె, నెయ్యి అసలు ముట్టొద్దన్నారు. అదీ సరికాదు. కొవ్వు బొత్తిగా లేకపోతే విటమిన్ డి లాంటివి సరిగ్గా వంటబట్టవు, స్టెరాయిడ్ వాడేవాళ్లకి ఎముకల భయం ఎలాగూ ఉంటుంది. అందుకే పప్పన్నంలో చెంచా నెయ్యి, నువ్వులు, పల్లీలు, చేపలు, అందరిలాగే తింటున్నాను.

నన్ను లేపింది మాత్రలే. పొద్దున లేవగానే హైడ్రోకార్టిసోన్ పెద్ద డోసు, తర్వాత చిన్న డోసు, ఉప్పు నిలవడానికి ఫ్లూడ్రోకార్టిసోన్. టీబీకి వాడే రిఫాంపిసిన్ ఈ స్టెరాయిడ్‌ని త్వరగా ఖర్చు చేసేస్తుంది, అందుకని ఆ కోర్సు అయ్యేదాకా డోసు పెంచారు. జ్వరమొస్తే డాక్టర్ చెప్పినట్టు రెట్టింపు వేసుకుంటాను. వాంతులై మాత్ర నిలవకపోతే ఇంజెక్షనే, అది చేయడం మా ఆయన నేర్చుకున్నారు.